ఇచ్చిపుచ్చుకోలు కంచె

ఊనా ట్రెలోర్ ముక్కు రెండుసార్లు విరిగింది. మొదటిసారి కన్నతండ్రి చేతిలో, రెండోసారి టౌన్ హాల్లో, ఇంటి ప్లాటు ఎంత చిన్నదిగా ఉండొచ్చన్న చర్చలో. మొదటిదాని గురించి ఆవిడ నోరు విప్పదు. రెండోదాని గురించి అడిగారో, పబ్బులో బీరు గ్లాసు పక్కన పెట్టి, కుర్చీ పైకెత్తి, ఎవడెక్కడ నిలబడ్డాడో, ఎవడి పన్ను ఎటు ఎగిరిందో ఆడి చూపిస్తుంది. అరవై దాటిన మనిషి. మా ఊరు మెరిండూ చుట్టుపక్కల పొలాలవాళ్ళు ఇంటి తిండికి గొర్రెని కోయించుకోవాలంటే ఆవిడకే కబురు పెడతారు. కత్తులు, కొక్కేలు ట్రక్కులో వేసుకుని వస్తుంది, పని కానిచ్చి వెళ్తుంది. "నా కత్తి కింద ఏ జీవమూ రెండోసారి అరవలేదు" అని గొప్పగా చెప్పుకుంటుంది. గొప్ప కాదు, నిజమే. మేమంతా చూశాం.

పెళ్ళి చేసుకోలేదు. తమ్ముడు క్లెమ్‌ని చూసుకోవడంతోనే బతుకు సరిపోయింది.

క్లెమ్‌కి ఆరేళ్ళప్పుడు నెత్తిన గునపం దెబ్బ పడింది. వాళ్ళ నాన్న వాల్ట్ ట్రెలోర్‌కీ, పక్క పొలం ఆంగస్ గెడ్డీస్‌కీ రాళ్ళవాగు గట్టు మీద పెద్ద గొడవ. వరదకి కొట్టుకుపోయిన కంచె మళ్ళీ ఎక్కడ వెయ్యాలని. మాట మాట పెరిగి గునపాలెత్తుకున్నారు. ఆంగస్‌కి ఒక కన్ను పోయింది. మధ్యలోకి పరిగెత్తిన పిల్లాడి తల పగిలింది. పోలీసు వచ్చి అడిగితే వాల్ట్, "నా గునపమే. ఎత్తినప్పుడు వెనక పిల్లాణ్ణి చూసుకోలేదు" అన్నాడు. కన్నతండ్రి, పొరపాటు, ఇంకేం చేస్తారు, వదిలేశారు. ఆంగస్ తన కన్ను తీగ తగిలి పోయిందన్నాడు. అదీ రాసుకుని పోలీసు వెళ్ళిపోయాడు. తర్వాత ఆ ఇద్దరే చెయ్యి కలిపి, పక్కపక్కన నిలబడి కొత్త కంచె వేశారు. మా ఊరి మగాళ్ళ సంగతి అంతే, పొద్దున తల పగలగొట్టుకుంటారు, సాయంత్రం ఒకే చెంబులో తాగుతారు.

పిల్లాడు బతికాడు. తెలివి మాత్రం సగమే మిగిలింది. దానితోపాటు ఒక మాట మిగిలింది. ఎవరికి ఏ దెబ్బ తగిలినా, మోకాలు చెక్కుకుపోయినా, గొర్రె కుంటినా, "ఎవర్రా కొట్టింది?" అని అడిగితే క్లెమ్ దగ్గర ఒకటే జవాబు. "నాన్న కొట్టాడు." బళ్ళో పిల్లలు దాన్ని పాటగా కట్టి ఏడిపించేవాళ్ళు. పబ్బులో ఇప్పటికీ ఎవడైనా తాగి పడిపోతే "నాన్న కొట్టాడు" అని నవ్వుతారు. ఊనా అక్కడుంటే నవ్వరు.

ఊనాకి అప్పుడు పన్నెండేళ్ళు. ఆ రోజునుంచీ తండ్రితో సరిగ్గా మాట్లాడలేదు. ఇరవయ్యో ఏట భోజనాల బల్ల దగ్గర ఏదో చెప్పబోతే, "కన్నకొడుకు తల పగలగొట్టినవాడివి, నువ్వా నాకు బుద్ధులు చెప్పేది?" అంది. వాల్ట్ పిడికిలి బిగించి ఒక్కటిచ్చాడు. మొదటి ముక్కు అదే. ఆయన పోయినప్పుడు ఊనా చర్చికి వెళ్ళలేదు, మట్టి వెయ్యలేదు. ఆ పూట ఎవరికో గొర్రెలు కోసి, మాంసం అందించి, ఇంటికొచ్చి పడుకుంది. అంత పంతం.

క్లెమ్ వాగు పక్కన చదును నేల మీద పాత రైలుపెట్టెలో ఉంటాడు. రైలు వాళ్ళు పారేసిన పెట్టెని వాల్టే తెచ్చి దుంగల మీద నిలబెట్టాడు. చెక్క ఎంత పుచ్చిపోయిందంటే, కదిపితే ముక్కలైపోతుంది. పెట్టె పక్కనే టమాటా మొక్కలు, బట్టలారేసే తీగ, ఓ రేకుల పాయిఖానా. వెనకాలే కంచె. కంచె అంటే క్లెమ్‌కి ప్రాణం. లేవగానే తీగ మీటి చూస్తాడు, వదులుగా పలికితే మర తిప్పి బిగిస్తాడు. ఆ చుట్టుపక్కల అంత బిగువైన కంచె లేదు. పిట్ట వాలినా మోగుతుంది.

ఊనాకి ఉన్న భయం ఒక్కటే. తను పోతే వీడి గతేమిటి? ఒకసారి ఆవిడ కాలు విరిగి ఆసుపత్రిలో ఉంటే, అధికారులు వచ్చి క్లెమ్‌ని ఏదో ఆశ్రమంలో పెట్టారు. తిరిగొచ్చాక వీపు మీద బెల్టు వాతలు చూసింది. "ఎవర్రా?" అంటే "నాన్న కొట్టాడు" అన్నాడు. ఊనా వెళ్ళి అక్కడి కాపలావాణ్ణి మెట్ల మీంచి తోసింది, కానీ అది వేరే కథ. ఏడెకరాల నేల వాడి పేర రాస్తే వాడు నిభాయించలేడు. అధికారులు అమ్మేసి మళ్ళీ అక్కడే పడేస్తారు. అదే చిన్న ముక్క, రైలుపెట్టెతో సహా, వాడి సొంత పేరు మీద ఉంటే ఎవడూ కదపలేడు. మిగతాది అమ్మి వాడి తిండికి ఏర్పాటు చెయ్యొచ్చు. అయితే ఊరి అంచున నేలని ఐదెకరాలకంటే చిన్నగా కొయ్యకూడదని రూలు. ఏడెకరాలు రెండు ఐదులెలా అవుతాయి?

అందుకే కౌన్సిల్ వాళ్ళు ఆ రూలు తీసేసి, ఆరువందల చదరపు మీటర్ల ప్లాటుకి కూడా ఒప్పుకుంటామని సభ పెట్టినప్పుడు, ఊనా ఉతికిన చొక్కా వేసుకుని, క్లెమ్ తల దువ్వి, ముందు వరసలో కూర్చుంది. పక్కన లైల్ గెడ్డీస్ కూర్చున్నాడు. ఆంగస్ పెద్దకొడుకు, ఊనా ఈడువాడు. వాడికీ ఈ రూలు కావాలి, గొర్రెల పెంపకం గిట్టక పొలం మొత్తం ప్లాట్లు చేద్దామని చూస్తున్నాడు.

వ్యతిరేకించేవాళ్ళంతా పట్నం నుంచి వచ్చి ఐదేసి ఎకరాల్లో మేడలు కట్టుకున్న పెద్దమనుషులు. వాళ్ళ తరఫున రిటైరైన పళ్ళ డాక్టరు ఒకాయన లేచాడు.

"ఆరువందల మీటర్లంటే అగ్గిపెట్టె! వాటిల్లో ఎవరొచ్చి ఉంటారో మీకు తెలుసా? తాగుబోతులు, దొంగలు. ఇదిగో, ఇలాంటివాళ్ళు" అని క్లెమ్ వైపు వేలు చూపించాడు. "రైలుపెట్టెల్లో కాపురాలు! ఊరి అందం ఏం కావాలి?"

ఊనా లేచేలోపే లైల్ లేచాడు. "వేలు దించు."

"నేను వాస్తవం మాట్లాడుతున్నా..."

లైల్ ఆ వేలు పట్టుకుని వెనక్కి విరిచాడు. అంతే. కుర్చీలు లేచాయి. డాక్టరు అల్లుడు లైల్ మీద పడితే ఊనా వాడి చెవి పట్టి బల్లకేసి కొట్టింది. బల్ల మీది కేకులు చితికిపోయాయి, గాజు గిన్నెలు పగిలాయి, కౌన్సిల్ ఛైర్మన్ గంట వాయిస్తూ బల్ల కింద దూరాడు. ఎవరిదో పన్ను ఊనా చొక్కా జేబులో దొరికింది తర్వాత. అప్పుడే డాక్టరు భార్య, చూస్తే పువ్వులా ఉంటుంది, నిండు టీ జగ్గు విసిరింది. ఆ జగ్గు ఊనా ముక్కుకి తగిలింది.

హాలు మెట్ల మీద లైల్ రెండు బొటనవేళ్ళతో ఆ ముక్కు పట్టి టక్కున సరిచేశాడు. ఊనా వాణ్ణి పచ్చిబూతులు తిట్టింది.

"పళ్ళ డాక్టరు పెళ్ళానికి ముక్కుతో పనేమిటే?" అని లైల్ నవ్వాడు.

"నవ్వకురా, నొప్పి. అయినా మా వాడి కోసం నువ్వెందుకు లేచావు?"

లైల్ నవ్వు ఆపి, చొక్కా అంచుతో చేతులు తుడుచుకున్నాడు. "ఊరికే" అన్నాడు.

క్లెమ్ మంచుముక్కలు తెచ్చి ఇద్దరి మొహాలూ చూసి, "నాన్న కొట్టాడు" అని ప్రకటించాడు. ఆ ఒక్కసారి ఊనా కూడా నవ్వింది. దెబ్బలు తిన్న పుణ్యమో ఏమో, రూలు మారింది.

మారాక సర్వే చెయ్యడానికి టెగన్ అనే అమ్మాయి వచ్చింది. నారింజ రంగు చొక్కా, మూడుకాళ్ళ యంత్రం. నేలలో చెక్కమేకులు పాతుకుంటూ పోయింది. ఆమె పాతిన మేకుల్ని క్లెమ్ వెనకాలే పీకి, టమాటా మొక్కలకి ఊతంగా కట్టేశాడు. టెగన్ తిరిగొచ్చి చూసి లబోదిబోమంది. ఊనా పకపకా నవ్వుతూ మేకులు ఇప్పించి, "ఎక్కడ పాతాలో చూపించమ్మా, నేనే పాతుతాను" అంది. టెగన్ చూపించిన చోటు కంచె దగ్గర కాదు. రైలుపెట్టెకి ఇవతల, ఊనా ఇంటి గుమ్మానికి కాస్త దూరంలో.

"పొరపాటు పడ్డావు తల్లీ. కంచె అక్కడుంది."

"అది హద్దు కంచె కాదండీ. అసలు హద్దు వాగు వెంబడి వంకరగా పోతుంది. వాగులో కంచె నిలవదని అప్పటివాళ్ళు గట్టు మీద వీలున్నచోట వేసుకున్నారు. పైన మీ నేల వాళ్ళకి వదిలారు, కింద వాళ్ళ నేల మీరు వాడుకున్నారు. ఇచ్చిపుచ్చుకోలు కంచె."

"యాభయ్యేళ్ళనుంచీ కళ్ళెదుట ఉన్న కంచె హద్దు కాదా?"

"వందేళ్ళున్నా కాదు. ఇలాంటి కంచెతో ఎవరికీ హక్కు రాదు. చట్టంలోనే ఉంది."

"మరి నాదేది?"

టెగన్ చెయ్యెత్తి వాగు వంపు వైపు చూపించింది. బండరాళ్ళు, తుప్పలు, గొర్రెలు నీళ్ళు తాగే మడుగు.

"అక్కడ మావాడికి ఇల్లు కట్టనిస్తారా?"

"మీకు మిగిలేదంతా వరద నేలండీ, విడగొట్టనివ్వరు. కోళ్ళగూడు కూడా కట్టనివ్వరు."

ఇది మావాళ్ళంతా చేసే తప్పు. కంచె కనిపిస్తే కాగితం అడగరు. తండ్రి వేసిన తీగ దేవుడు గీసిన గీత అనుకుంటారు. ఊనా కూడా అంతే అనుకుంది, అనుకుని ఆ రూలు కోసం ముక్కు విరగ్గొట్టుకుంది. ఆ రూలే ఇప్పుడు టెగన్‌ని గుమ్మంలోకి తెచ్చింది.

ఆవిడ కోతపనికి కట్టుకున్న ఏప్రాన్‌తోనే లైల్ దగ్గరికి వెళ్ళింది. వాడు గొర్రెల దొడ్లో ఉన్నాడు.

"పై వంపు మొత్తం నువ్వు రాయించుకో. కింద చదును నాకు రాసిచ్చెయ్. ఎలాగూ అలాగే ఉన్నాం కదా?"

"గొర్రెలున్నప్పుడు ఆ మడుగు బంగారమే. ప్లాట్లమ్మేవాడికి వాగెందుకు? నీ చదునులో మూడు ప్లాట్లొస్తాయి. రోడ్డు కూడా అక్కణ్ణుంచే రావాలి."

"మరి క్లెమ్?"

లైల్ మొహం తిప్పుకున్నాడు. "ఆ చదునుతో మా నాన్న చెయ్యాల్సింది చేశాడు. నేను చెయ్యాల్సిందేం లేదు. ఉన్ని కత్తిరింపులు అయ్యేలోపు పెట్టె తీయించు."

"ఏం వాగుతున్నావురా? మీ నాన్న మాకేం చేశాడు?"

"తీయించు ఊనా."

అక్కణ్ణుంచి మొదలైంది. ఊనా కోసిన గొర్రెల పేగులు తెచ్చి సర్వే మేకులకి దండల్లా వేసేది. ప్లాటు చూద్దామని పట్నం నుంచి వచ్చిన దంపతులు ఆ కంపుకి కారు దిగకుండానే తిరిగిపోయారు. లైల్ ఊరుకుంటాడా? ఒక పొద్దున ఊనా కుక్క టాఫీ కంచె కింద తలకి తూటా తగిలి పడి ఉంది. గొర్రెపిల్లల్ని తరిమిందన్నాడు. పళ్ళూడిన ముసలికుక్క, దాని మొహానికి గొర్రెపిల్లల్ని తరమడం కూడానా! ఊనా దాన్ని పాతిపెట్టింది. ఏడవలేదు. గొర్రెని వేలాడదీసే ఇనపకర్ర తీసుకుని నేరుగా లైల్ వంటింట్లోకి నడిచింది. వాడు గుడ్లు తింటున్నాడు. కర్రతో భుజం మీద ఒక్కటి వేస్తే ఎముక చిట్లిన చప్పుడు బయట పనివాళ్ళకి వినిపించింది. లైల్ కింద పడి, పడినవాడు పడినట్టే ఆవిడ కాలు లాగి, బూటుతో పొట్టలో తన్నాడు. ఇద్దరూ గుడ్లలో, నెత్తుట్లో దొర్లారు. పనివాళ్ళు వచ్చి విడదీశారు.

కానిస్టేబుల్ ఇద్దర్నీ అడిగాడు. లైల్ మెట్ల మీంచి పడ్డానన్నాడు. ఊనా గొర్రె తన్నిందంది. ఒకరి మీద ఒకరు కేసు పెట్టడం మా ఊళ్ళో పరువు తక్కువ. చంపుకోవడం కాదు.

ఉన్ని కత్తిరింపులు అయిపోయాయి. ఆ మర్నాడు లైల్, ఎడమచెయ్యి మెడకి కట్టుకుని, కుడిచేత్తోనే ట్రాక్టరు తోలుకుంటూ చదును మీదికి వచ్చాడు. వెనకాల గొలుసు. ముందు కంచె తీసేసి తర్వాత పెట్టెని లాగాలని. ఊనా ఇంటి వెనక ఒక గొర్రెని కోసి తోలు తీస్తోంది. క్లెమ్ అరుపు విని పరిగెత్తింది. చేతిలో కత్తి అలాగే ఉంది.

క్లెమ్ పై తీగని రెండుచేతులా పట్టుకుని నిలబడ్డాడు. "లైల్! ముందు మర వదులు చెయ్యాలి! మర వదులు చెయ్యి లైల్!"

"తప్పుకోరా."

"బిగించాను! నిన్ననే బిగించాను!"

లైల్‌కి తెలియదా? పుట్టినప్పట్నుంచీ కంచెల మధ్య పెరిగినవాడు. బిగించిన తీగని ముందు వదులు చెయ్యకుండా ఎవడూ కొయ్యడు. కానీ కోపం అలాంటిది. క్లెమ్‌ని భుజంతో తోసి, తీగ కోసే కట్టరు తీసి, ఒక పిడి మోకాలికి ఆనించి, రెండో పిడి చేత్తో నొక్కాడు.

తీగ తెగిన శబ్దం తుపాకీ పేలినట్టే వచ్చింది. తెగిన కొస వెనక్కి చుట్టుకుంటూ ఎగిరి లైల్ మెడ కోసుకుంటూ పోయింది. వాడు ఒక్కడుగు వేశాడు. కట్టరు జారిపోయింది. చొక్కా ముందంతా ఎర్రగా అయిపోయింది. కూలబడ్డాడు.

ఊనా వచ్చి పైన నిలబడింది. ఆ రంగు, ఆ చిమ్మే తీరు ఆవిడకి బాగా తెలుసు. రోజూ చూసేదే. ఇంకాసేపు ఊరికే నిలబడితే చాలు. కుక్క పాతిన చోటు అక్కణ్ణుంచి కనబడుతోంది, రైలుపెట్టె కనబడుతోంది. దాచడమెందుకు, చావనీ అనుకుంది. చస్తే పీడా పోతుంది అనుకుంది. ఎంతసేపు అలా నిలబడిందో ఆవిడకే తెలియదు, తక్కువ సేపైతే కాదు.

క్లెమ్ మోకాళ్ళ మీద కూర్చుని రెండుచేతులూ ఆ మెడ మీద పెట్టాడు. తప్పుచోట పెట్టాడు. వేళ్ళ సందుల్లోంచి నెత్తురు పొంగుతోంది. తలెత్తి అక్కని చూసి ఏడ్చాడు. "కారిపోతోంది ఊనా! లైల్ కారిపోతున్నాడు!"

ఊనా కత్తి దూరంగా విసిరేసింది. క్లెమ్ చేతులు పక్కకి నెట్టి, గాయంలోకి వేళ్ళు దూర్చి, కొట్టుకుంటున్న నరాన్ని పట్టి ఎముకకేసి అదిమింది. లైల్ గుర్రుమని విదిలించుకోబోయాడు.

"కదిలావో, నేనే చంపుతా. పడుకోరా దరిద్రుడా! క్లెమ్, నా జేబులో ఫోన్ తీసి పచ్చబొత్తాం నొక్కు."

అంబులెన్సు కాదు, హెలికాప్టరే వచ్చి ఆ చదును మీద దిగింది. అప్పటిదాకా ఆవిడ వేలు తియ్యలేదు. దిగిన డాక్టరు కుర్రాడు "ఎవరు చేశారిది?" అని అడిగితే, క్లెమ్ ఎప్పట్లాగే జవాబు చెప్పాడు. ఆ కుర్రాడు అర్థంకాక ఊనా వైపు చూశాడు.

పబ్బులో తర్వాత అందరూ ఆవిణ్ణే వేధించారు. "వాడి ప్రాణం నీ చేతిలో ఉన్నప్పుడు చదును రాసిస్తావా చస్తావా అని అడగొచ్చు కదే!" "అడగాలనే ఉంది, గొంతు తెగినవాడు ఏమని జవాబు చెప్తాడ్రా?" అని ఊనా అనేది. అని, గ్లాసులోకి చూస్తూ కూర్చునేది. క్లెమ్‌కి అప్పటికీ చోటు దొరకలేదు. లైల్ బతికాడు కాబట్టి మళ్ళీ ట్రాక్టరు వస్తుంది.

వచ్చింది ట్రాక్టరు కాదు, లైలే నడిచి వచ్చాడు. ఎండలు మండిపోతున్నాయి, అయినా మెడకి గుడ్డ చుట్టుకుని. వెనకాల టెగన్ మేకులు పాతుతోంది. గొంతు పోయింది వాడికి. మాట్లాడితే రంపంతో కోసినట్టు గరగర.

"ఆరువందల మీటర్లు కొలవమన్నా" అన్నాడు. "పెట్టె, టమాటాలు, బట్టల తీగ అన్నీ అందులోనే. క్లెమ్ పేరు మీద. ఒక్క మీటరు ఎక్కువ లేదు, చూసుకో."

ఊనా చూసుకుంది. "పాయిఖానా?"

"అది నా ప్లాట్లో పడింది."

"వాడు రోజూ కంచె దూకి వెళ్ళాలా?"

"దూకనీ. ఒళ్ళు తేలికవుతుంది." లైల్ దగ్గాడు. "పాత రూలే ఉంటే ఐదెకరాలు వదులుకోవాల్సొచ్చేది. బతికిపోయా."

"నీ ప్రాణం నిలబెట్టినందుకా ఇదంతా?"

"నా ప్రాణం అంత చెయ్యదు. ఇది మా నాన్న ఇచ్చిందే." వాడు కంచె గుంజ పట్టుకుని నిలబడ్డాడు. "ఆ గునపం మా నాన్నది ఊనా. నేను గట్టు మీదున్నా. కళ్ళారా చూశా."

ఊనా రైలుపెట్టె వైపు తిరిగి చూసింది.

"మీ నాన్న ముందు మా నాన్న కన్ను పోగొట్టాడు. మా నాన్న నెత్తుటికి కళ్ళు కనబడక గుడ్డిగా తిప్పాడు, క్లెమ్‌కి తగిలింది. తగిలాక అక్కడే కూలబడి ఏడ్చాడు. మీ నాన్నే పిల్లాణ్ణి ఒళ్ళో పెట్టుకుని అన్నాడు, 'ఆంగస్, నువ్వు జైలుకెళితే నీ పిల్లలేం తింటారు? నా దెబ్బే అంటాను, కొడుకు నావాడు, నన్నేం చెయ్యరు. నువ్వు మాత్రం వీడికి నీళ్ళెక్కని నేల కాస్త ఇవ్వు' అని. చెయ్యి కలుపుకున్నారు. నాచేత ఒట్టేయించుకున్నారు. అదే ఈ కంచె."

"ఇదంతా తెలిసుండి మావాడి మీదికి ట్రాక్టరు తోలావా?"

"తోలాను."

ఊనా కొట్టింది. మెడ జోలికి పోలేదు, భుజం జోలికి పోలేదు, దవడ మీద ఉన్న బలమంతా పెట్టి కొట్టింది. లైల్ వెల్లకిలా పడ్డాడు. టెగన్ కెవ్వుమంది. వాడు మెల్లగా లేచి కూర్చుని, నోట్లో నెత్తురు ఉమ్మి, "అయిందా?" అన్నాడు.

"అయింది" అని ఊనా చెయ్యిచ్చి పైకి లాగింది. లాగిన చెయ్యి కాసేపు వదల్లేదు. తర్వాత ట్రక్కెక్కి శ్మశానానికి వెళ్ళింది.

తండ్రి సమాధి ఎక్కడుందో ఆవిడకి తెలియదు. వరసలన్నీ వెతుక్కుంది. ముళ్ళతీగల కింద పేరు కనబడింది. చేతులు గీసుకుపోతున్నా ఆ తీగలన్నీ పీకి పారేసింది. పారేసి, ఊరికంతా వినబడేలా అరిచింది.

"నోరు తెరిచి చెప్పొచ్చు కదా ముసలోడా! అన్నేళ్ళు నేను తిడుతుంటే తిన్నావు! ముక్కు పగలగొట్టడానికి చెయ్యొచ్చింది గానీ, ఒక్క మాట రాలేదా నీకు? ఒక్క మాట!" అంటూ ఆ రాతిని బూటుకాలితో తన్నింది. మళ్ళీ తన్నింది. రాయి కాస్త పక్కకి ఒరిగింది, కాలివేలు విరిగింది. అక్కడే కూర్చుని, తండ్రి పోయిన ఇన్నేళ్ళకి, బిగ్గరగా ఏడ్చింది.

చీకటిపడేవేళకి కుంటుకుంటూ చదును మీదికి వచ్చింది. క్లెమ్ కొత్త మేకుల మధ్య తీగ లాగుతున్నాడు. అక్క కాలు చూశాడు. చేతుల మీది గీతలు చూశాడు.

"ఎవర్రా నన్ను కొట్టింది, చెప్పు?" అంది ఊనా.

"నాన్న కొట్టాడు."

ఊనా వాడి పక్కన నేల మీద కూలబడింది. "క్లెమ్. నాన్న నిన్ను కొట్టలేదు కదరా?"

క్లెమ్ పని ఆపాడు. అటూ ఇటూ చూశాడు, ఎవరైనా వింటున్నారేమోనని. తర్వాత వంగి ఆవిడ చెవి దగ్గర నోరు పెట్టాడు.

"నాన్న కొట్టాడనే చెప్పమన్నాడు నాన్న. ఎవరు అడిగినా" అన్నాడు. "ఎవరికీ చెప్పలేదు ఊనా. బాగా దాచాను కదా?"